మెల్బోర్న్ కౌన్సిళ్ళ బహుళ సంస్కృతుల విధానం: తెలుగు సంఘాలు ఏమి అడగాలి?

నమస్కారం. మెల్బోర్న్ పడమటి శివార్లలో స్థిరపడిన మీ తెలుగు సంఘానికి, స్థానిక కౌన్సిల్ (పురపాలక సంస్థ) తయారుచేస్తున్న బహుళ సంస్కృతుల విధానం ముసాయిదా మీద అభిప్రాయం రాసి పంపమని పిలుపు వచ్చిందని, అందులో ఏమి అడగాలో, అసలు ఇటువంటి పత్రాల వల్ల మనకు ఒరిగేది ఏమైనా ఉందో చెప్పమని మీరు అడిగారు. విక్టోరియా రాష్ట్రంలో కౌన్సిళ్ళ సామాజికాభివృద్ధి విభాగాల్లో చాలా ఏళ్ళు పనిచేసిన అనుభవంతో ఈ జవాబు రాస్తున్నాను. ఒరిగేది తప్పకుండా ఉంది. అయితే ఆ విధానం పండుగలకు, వేదికలకు పరిమితమైతే దాని ప్రభావం ఏడాదిలో రెండు మూడు రోజులకు మించదు. అదే విధానం పసిపిల్లల ఆరోగ్య కేంద్రంలో, గ్రంథాలయంలో, భవన నిర్మాణ అనుమతుల విభాగంలో, బడ్జెట్ పద్దుల్లో చోటు సంపాదించుకుంటే దాని ఫలితం మీ ఇంటి గుమ్మం దాకా వస్తుంది. కాబట్టి మీరు రాసే అభిప్రాయంలో ప్రతి వాక్యం ఏదో ఒక విభాగానికి, ఏదో ఒక పద్దుకు తగిలేలా ఉండాలని నా గట్టి సలహా.

ముందుగా కౌన్సిల్‌కు ఈ విషయంలో ఉన్న బాధ్యత ఏమిటో తెలుసుకోవాలి, ఎందుకంటే మన సంఘాలు చాలా వరకు దీన్ని కౌన్సిల్ చూపే దయగా భావించి, వినతిపత్రం రాసే ధోరణిలో రాస్తాయి. ఆస్ట్రేలియాలో వలసలు, వీసాలు, పౌరసత్వం సమాఖ్య ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. 1901 నాటి వలస నియంత్రణ చట్టంతో మొదలైన, తెల్లజాతివారు కానివారిని దూరం పెట్టే శ్వేత ఆస్ట్రేలియా విధానం 1973లో పూర్తిగా ముగిసింది. కొత్తగా వచ్చినవారికి వారి భాషలో సేవలు అందించాలన్న ఆలోచనకు 1978 నాటి గాల్బాలీ నివేదిక ప్రభుత్వ స్థాయిలో రూపం ఇచ్చింది. విక్టోరియా రాష్ట్రం 1983లో ఇందుకు ఒక కమిషన్‌ను ఏర్పాటు చేసింది. 2011లో బహుళ సంస్కృతుల చట్టం చేసింది. కౌన్సిళ్ళు రాష్ట్ర చట్టం సృష్టించిన సంస్థలు. రాష్ట్రంలో ఉన్న 79 కౌన్సిళ్ళూ 2020 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం కింద నడుస్తాయి.

ఆ చట్టంలో మీకు పనికివచ్చే మాటలు మూడు చోట్ల ఉన్నాయి. మొదటిది, పురజనులు ఎవరన్న నిర్వచనం. ఆ ప్రాంతంలో నివసించేవారు, పన్ను చెల్లించేవారు, అక్కడ కార్యకలాపాలు నడిపేవారు, ఆ నేల సంప్రదాయ హక్కుదారులైన ఆదివాసులు, వీరంతా అందులోకి వస్తారు. పౌరసత్వం ఉండాలన్న షరతు ఎక్కడా లేదు. అంటే విద్యార్థి వీసాపై అద్దె గదిలో ఉండే కుర్రవాడూ, తాత్కాలిక ఉద్యోగ వీసాపై ఉన్న నర్సూ కౌన్సిల్ ఎవరి మేలు చూడాలో ఆ జాబితాలో ఉన్నవారే. రెండవది, సేవలు అందరికీ సమానంగా అందాలని, ప్రజల వైవిధ్యానికి తగినట్టుగా ఉండాలని చెప్పే సేవా సూత్రాలు. మూడవది 56వ సెక్షన్. ప్రజాభిప్రాయ సేకరణలో పాల్గొనేవారు ఆ నిర్ణయం వల్ల ప్రభావితమయ్యేవారికి ప్రాతినిధ్యం వహించేలా ఉండాలని, అర్థవంతంగా పాల్గొనడానికి తగిన సహాయం పొందే హక్కు వారికి ఉందని, తమ అభిప్రాయం నిర్ణయాన్ని ఏ విధంగా ప్రభావితం చేస్తుందో వారికి చెప్పాలని అది అంటుంది. ఆంగ్లంలో మాత్రమే ఆన్‌లైన్ సర్వే పెట్టి, దానికి స్పందించినవారే ప్రజలని లెక్కవేసే అలవాటును ప్రశ్నించడానికి ఇంతకన్నా బలమైన ఆధారం అక్కరలేదు.

దీనికి తోడు 2006 నాటి విక్టోరియా మానవ హక్కుల చట్టం ఉంది. దాని 19వ సెక్షన్ ప్రకారం, ఒక సంస్కృతికి, మతానికి, జాతికి, భాషకు చెందినవారు తమవారితో కలిసి తమ సంస్కృతిని అనుభవించే హక్కును, తమ మతాన్ని ఆచరించే హక్కును, తమ భాషను వాడుకునే హక్కును ఎవరూ కాదనరాదు. 38వ సెక్షన్ ప్రకారం కౌన్సిల్‌తో సహా ప్రతి ప్రభుత్వ సంస్థా నిర్ణయాలు తీసుకునేటప్పుడు ఈ హక్కులను పరిగణనలోకి తీసుకోవాలి. ఇదంతా మనకు పరాయి ఆలోచన ఏమీ కాదు. భారత రాజ్యాంగంలోని 350ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పించే బాధ్యతను రాష్ట్రాలతో పాటు స్థానిక సంస్థల మీద కూడా పెట్టింది. హైదరాబాదులో ఉర్దూ, కన్నడ, మరాఠీ మాట్లాడేవారి మధ్య పెరిగిన మనవాళ్ళు చాలామంది ఈ సంగతి వినకపోయి ఉండవచ్చు గాని, ఆ బాధ్యత 1956 నుంచీ అక్కడ ఉంది.

ఇక పనిచేసే విధానం ఎలా ఉంటుందో చూడాలంటే మెల్బోర్న్ ఆగ్నేయ దిక్కున ఉన్న గ్రేటర్ డాండెనాంగ్‌ను చూడండి. ఆస్ట్రేలియాలో అత్యంత వైవిధ్యం గల పురపాలక ప్రాంతాల్లో అది ఒకటి. అక్కడి జనాభాలో సగానికి పైగా విదేశాల్లో పుట్టినవారే. ఆ వైవిధ్యం ఎవరో ప్రణాళిక వేసి తెచ్చింది కాదు. 1950ల్లో డాండెనాంగ్‌లో మోటారు వాహనాల, వ్యవసాయ యంత్రాల, ఆహార పదార్థాల పెద్ద కర్మాగారాలు వెలిశాయి, వాటికి కావలసిన కార్మికులు ఐరోపా నుంచి వచ్చారు. 1970లో పక్కనున్న స్ప్రింగ్‌వేల్‌లో ఎంటర్‌ప్రైజ్ అనే వలసదారుల వసతిగృహం తెరిచారు. 1992లో అది మూతపడే లోపు వియత్నాం, కంబోడియాల నుంచి వచ్చిన శరణార్థులు ఎందరో మొదట అక్కడే దిగి, తరువాత దాని చుట్టుపక్కలనే ఇళ్ళు వెతుక్కున్నారు. ఆ తరువాత ఆఫ్ఘన్లు, శ్రీలంక తమిళులు, దక్షిణ సూడాన్‌వారు, మన భారతీయులు వచ్చారు. ఈనాడు థామస్ వీధిలో ఆఫ్ఘన్ బజారు, ఫోస్టర్ వీధిలో లిటిల్ ఇండియా ఉన్నాయి. మన ఆడవాళ్ళు పట్టుచీరల కోసం, గాజుల కోసం ఊరి అవతలి కొస నుంచి కూడా ఆ వీధికి వెళ్ళిన రోజులున్నాయి.

డాండెనాంగ్ నుంచి నేర్చుకోవలసింది ఆ బజార్లకన్నా వాటి వెనుక సాగిన నిదానమైన పని. అక్కడి సర్వమత వేదిక 1989లోనే మొదలైంది. కౌన్సిల్ అండతో అది దశాబ్దాలుగా నడుస్తూ ఉండడం వల్ల, ప్రపంచంలో ఎక్కడ ఏ ఉద్రిక్తత తలెత్తినా ఆ ఊళ్ళోని మసీదు పెద్దకూ, గుడి పూజారికీ, చర్చి ఫాదరుకూ, బౌద్ధ భిక్షువుకూ ఒకరికొకరు ముందే తెలిసి ఉంటారు. గొడవ వచ్చిన రోజున పరిచయాలు మొదలుపెట్టవలసిన అవసరం ఉండదు. 2002 జూన్‌లో, శరణార్థుల మీద దేశమంతటా రాజకీయ వేడి తీవ్రంగా ఉన్న కాలంలో, దేశంలోనే మొదటి శరణార్థి స్వాగత ప్రాంతంగా ఆ కౌన్సిల్ తనను తాను ప్రకటించుకుంది. ప్రకటన చేయడం తేలికే. దాన్ని చూసి మరెన్నో కౌన్సిళ్ళు అదే ప్రకటన మీద సంతకం చేశాయి కూడా. డాండెనాంగ్‌లో దానికి విలువ రావడానికి కారణం, ఆ ప్రకటనకు ముందూ తరువాతా కూడా సేవలు అందించే సిబ్బంది అక్కడ ఉండడమే.

ఇక్కడ బెండిగో సంగతి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. పండుగల మీదనే ఆధారపడిన సామరస్యం ఎంత పలచగా ఉండగలదో ఆ ఊరు చూపించింది. బంగారు గనుల కాలంలో చైనీయులు పెద్ద సంఖ్యలో వచ్చి స్థిరపడిన ఊరు అది. ఈస్టర్ ఊరేగింపులో చైనా డ్రాగన్ నడవడం అక్కడ 19వ శతాబ్దం చివరి నుంచి ఉన్న ఆనవాయితీ. ఊరి పక్కనే పెద్ద బౌద్ధ స్తూపం వెలసింది. అటువంటి ఊరిలో ఒక మసీదుకు 2014 జూన్‌లో కౌన్సిల్ అనుమతి ఇచ్చినప్పుడు తీవ్రమైన వ్యతిరేకత లేచింది. బయటి ఊళ్ళ నుంచి కూడా నిరసనకారులు వచ్చారు. 2015 సెప్టెంబరులో ఒక కౌన్సిల్ సమావేశాన్ని మధ్యలో ఆపివేయవలసి వచ్చింది. వ్యతిరేకులు రాష్ట్ర ట్రైబ్యునల్‌కు వెళ్ళారు, 2015 ఆగస్టులో ఓడిపోయారు. అదే ఏడు డిసెంబరులో రాష్ట్ర అప్పీలు కోర్టు, 2016 జూన్‌లో ఈ దేశపు అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు వారి అభ్యర్థనలను తిరస్కరించాయి. ఈ రెండేళ్ళలో ఆ అనుమతి నిలబడడానికి కారణం ఏ పండుగా కాదు. దరఖాస్తును వాహనాల రాకపోకలు, శబ్దం, పార్కింగు, కట్టడం తీరు వంటి ప్రణాళికా అంశాల మీద మాత్రమే పరిశీలించి, దేవుడు ఎవరన్న ప్రశ్నను పక్కన పెట్టిన అధికారుల పనితీరు, దాన్ని సమర్థించిన చట్టం ఆ అనుమతిని కాపాడాయి. ఊరివాళ్ళలోనే ఒక వర్గం పసుపు రంగును గుర్తుగా పెట్టుకొని సామరస్యం వైపు నిలబడడం కూడా నాకు చాలా విలువైన సంగతిగా తోస్తుంది.

ఇది మనకు సూటిగా వర్తిస్తుంది. ఇప్పుడో ఎప్పుడో మీ సంఘం ఒక గుడికో, సాంస్కృతిక భవనానికో స్థలం చూస్తుంది. చాలా సంఘాలు చందాలు పోగుచేసి, తక్కువ ధరకు వస్తోందని నగరం అంచున నిర్మాణాలను పరిమితం చేసే హరిత మండలంలోనో పారిశ్రామిక మండలంలోనో స్థలం కొని, ఆ తరువాత అనుమతి కోసం వెళ్ళి సంవత్సరాల తరబడి ఇరుక్కుంటాయి. 1987 నాటి ప్రణాళిక, పర్యావరణ చట్టం ప్రకారం కౌన్సిల్ ఒక నిర్మాణం వల్ల కలిగే సామాజిక ప్రభావాన్ని కూడా చూడాలి. 2015లో వచ్చిన సవరణ తరువాత, ఆ ప్రభావం ఎంతటిదో తేల్చేటప్పుడు అభ్యంతరం చెప్పినవారి సంఖ్యను కూడా సందర్భాన్ని బట్టి లెక్కలోకి తీసుకుంటారు. అల్పసంఖ్యాకుల ప్రార్థనా స్థలాలకు ఈ నిబంధన చిక్కు తెచ్చే అవకాశం ఎక్కువ. అందుకే విధానం ముసాయిదాలో మీరు అడగవలసిన ముఖ్యమైన వాక్యం ఒకటుంది: ప్రార్థనా స్థలాలకు, సామూహిక భవనాలకు స్థలం చూసుకునే సంఘాలకు, కొనుగోలుకు ముందే ప్రణాళికా విభాగం నుంచి ఉచితంగా సలహా సమావేశం ఏర్పాటు చేయాలి, కొత్త కాలనీల ప్రణాళికలు గీసే దశలోనే అటువంటి భవనాలకు స్థలం గుర్తించాలి. టార్నీట్, ట్రుగనీనా, మెల్టన్ దిక్కున వేలకొద్దీ ఇళ్ళు కొత్తగా లేస్తున్న చోట ఆ రెండవ కోరికకు చాలా విలువ ఉంది. ఇళ్ళన్నీ లేచాక స్థలం వెతకడం అందరికీ కష్టమే.

సేవల విషయంలో నేను ఎక్కువ ఆశ పెట్టుకున్నది తల్లీబిడ్డల ఆరోగ్య సేవ మీద. విక్టోరియాలో దీన్ని నడిపేది కౌన్సిళ్ళే. బిడ్డ పుట్టగానే ఆసుపత్రి నుంచి ఆ సమాచారం కౌన్సిల్‌కు వెళుతుంది, అక్కడి నర్సే తల్లికి ఫోన్ చేసి ఇంటికి వస్తుంది. ఆ మొదటి రాకతో కలిపి బిడ్డకు మూడున్నరేళ్ళు వచ్చేదాకా మొత్తం 10 సందర్శనలు ఉంటాయి. ఎవరూ దరఖాస్తు పెట్టనక్కరలేదు, రుసుము లేదు. కొత్తగా వచ్చిన కుటుంబం దగ్గరికి ప్రభుత్వమే తనంతట తాను వెళ్ళే సందర్భాలు చాలా అరుదు, వాటిలో ఇది ఒకటి. ఆ గదిలో పాలు సరిపోతున్నాయా, బరువు పెరుగుతోందా అన్న ప్రశ్నలతో పాటు, తల్లి నిద్రపోతోందా, దిగులుగా ఉందా, ఇంట్లో క్షేమంగా ఉందా అన్న ప్రశ్నలు కూడా వస్తాయి. అక్కడ భర్తో అత్తగారో అనువాదం చేస్తూ కూర్చుంటే ఆ చివరి ప్రశ్నకు నిజమైన జవాబు రాదు. మన ఆడపిల్లలకు ఆంగ్లం వచ్చుగదా అన్న మాట నేను చాలాసార్లు విన్నాను. ఉద్యోగపు ఆంగ్లం వేరు, ప్రసవమైన మూడవ వారంలో కన్నీళ్ళ మధ్య చెప్పుకునే మాట వేరు.

దూరభాషిణి ద్వారా దుబాసీ సేవ ఈ దేశంలో 1973 నుంచి ఉంది, 131 450 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగు దుబాసీని కూడా అడగవచ్చు. మనలో చాలామందికి నాటీ పేరు వీసాకు అయిదు పాయింట్లు తెచ్చిపెట్టే పరీక్షగానే తెలుసు. ఆసుపత్రుల్లో, కోర్టుల్లో, కౌన్సిళ్ళలో పనిచేసే దుబాసీలకు, అనువాదకులకు అర్హత ధ్రువీకరించే సంస్థ అది. మీ పరిధిలో తెలుగు దుబాసీల అవసరం ఎంత ఉందో కౌన్సిల్‌కు తెలియాలంటే ఆ సేవను ఎవరైనా అడిగి ఉండాలి. అడగని భాష లెక్కల్లో కనబడదు, లెక్కల్లో లేని భాషకు బడ్జెట్ రాదు. మీ విధానంలో ఈ మూడు మాటలు ఉండేలా చూడండి: కౌన్సిల్ నేరుగా అందించే ప్రతి సేవలోనూ దుబాసీని సిబ్బందే ముందుగా ప్రతిపాదించాలి, కుటుంబ సభ్యులను, ముఖ్యంగా పిల్లలను దుబాసీలుగా వాడకూడదు, ఏ భాషకు ఎన్నిసార్లు దుబాసీని పిలిచారో ఏటా ప్రకటించాలి.

భాష విషయంలో నిర్లక్ష్యం ఎంత దూరం తీసుకువెళుతుందో 2020 జూలై 4న ఈ నగరం చూసింది. ఆ రోజు రాష్ట్ర ప్రభుత్వం ఫ్లెమింగ్టన్, నార్త్ మెల్బోర్న్‌లలోని తొమ్మిది ప్రభుత్వ గృహ సముదాయాలను కోవిడ్ కారణంగా ముందస్తు హెచ్చరిక లేకుండా మూసివేసింది. దాదాపు 3,000 మంది లోపల ఉండిపోయారు. వారిలో చాలామంది ఆఫ్రికా, ఆసియాల నుంచి వచ్చినవారు. ఏమి జరుగుతోందో వారి భాషల్లో చెప్పే ఏర్పాటు ముందుగా లేదు, యువకులే తలుపు తలుపుకూ తిరిగి, ఫోన్లలో సందేశాలు పంపి ఆ లోటు పూడ్చారు. ఆ చర్య నివాసుల మానవ హక్కులకు భంగం కలిగించిందని ప్రభుత్వ సంస్థల మీద ఫిర్యాదులను విచారించే రాష్ట్ర ఆంబుడ్స్‌మన్ అదే ఏడు డిసెంబరులో నివేదిక ఇచ్చారు. కౌన్సిల్ విధానంలో అత్యవసర పరిస్థితుల అధ్యాయం తప్పక ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే. వరదో, అగ్నిప్రమాదమో, వ్యాధో వచ్చినప్పుడు ఏ భాషలో ఎవరి ద్వారా సమాచారం వెళ్ళాలో ముందే రాసిపెట్టి ఉండాలి. మీ సంఘం వాట్సాప్ గుంపులు ఆ ఏర్పాటులో భాగం కావచ్చు, కానీ కౌన్సిల్ చేయవలసిన పనికి అవి ప్రత్యామ్నాయం కారాదు.

డబ్బు సంగతి సూటిగా చెప్పాలి. 2016-17 నుంచి విక్టోరియాలో ఇంటిపన్ను పెంపుదలకు రాష్ట్రం ఏటా ఒక పరిమితి విధిస్తోంది. 2024-25కు అది 2.75 శాతం, 2025-26కు 3 శాతం. రోడ్లు, చెత్త, కాలువలు, జీతాల ఖర్చు అంతకన్నా వేగంగా పెరిగిన సంవత్సరాల్లో, చట్టం పేరు పెట్టి చేయమని చెప్పని పనుల మీదనే మొదటి వేటు పడుతుంది. బహుళ సంస్కృతుల అధికారి ఉద్యోగం, ద్విభాషా కథల కార్యక్రమం, చిన్న సంఘాలకు ఇచ్చే గ్రాంటు, ఇవన్నీ ఆ కోవలోవి. ఒక ఉద్యోగిని మీద, ఒక తాత్కాలిక గ్రాంటు మీద ఆధారపడిన కార్యక్రమం ఆ ఉద్యోగిని వెళ్ళిపోగానే ఆగిపోవడం నేను కళ్ళారా చూశాను. అందుచేత విధానంలోని ప్రతి హామీ పక్కన బాధ్యత గల విభాగం పేరు, డబ్బు మొత్తం, పూర్తికావలసిన తేదీ ఉండాలని రాతపూర్వకంగా కోరండి. ఆ హామీలు నాలుగేళ్ళ కౌన్సిల్ ప్రణాళికలోకి, 2008 నాటి ప్రజారోగ్య చట్టం ప్రకారం ప్రతి కౌన్సిల్ తయారుచేయవలసిన ఆరోగ్య, సంక్షేమ ప్రణాళికలోకి ఎక్కాలి. విడిగా ఉన్న విధాన పత్రాన్ని పక్కన పెట్టడం సులువు, చట్టబద్ధమైన ప్రణాళికలో ఉన్న అంశాన్ని పక్కన పెడితే జవాబు చెప్పుకోవలసి వస్తుంది. కౌన్సిళ్ళు తమను తాము కొలుచుకోవడానికి వెల్‌కమింగ్ సిటీస్ అనే జాతీయ ప్రమాణం ఒకటి ఉంది. నాయకత్వం, ఆర్థికాభివృద్ధి, పౌర భాగస్వామ్యం మొదలైన ఆరు అంశాల మీద అది నిర్మించబడింది. మీ కౌన్సిల్ అందులో సభ్యురాలైతే, ఏ స్థాయిలో ఉందో, ఏ అంశంలో వెనుకబడిందో అడగండి. సభ్యత్వం ఒక్కటే చాలని మాత్రం అనుకోకండి.

పండుగలను నేను తక్కువ చేయడం లేదు. సంక్రాంతి ముగ్గులు పార్కులో వేసిన రోజున, బతుకమ్మ చుట్టూ పొరుగింటి గ్రీకు అవ్వ కూడా తిరిగిన సాయంత్రాన, ఆ నేల మనదన్న భావన పిల్లలకు కలుగుతుంది, అది చిన్న విషయం కాదు. హాలు అద్దెలో రాయితీ కావాలంటే సంఘం రిజిస్టరై ఉండాలి, ప్రజా బాధ్యత బీమా ఉండాలి. ఆ బీమా సాధారణంగా 2 కోట్ల డాలర్ల దాకా అడుగుతారు. చిన్న సంఘాలకు ఇది భారమే కనుక, కౌన్సిల్ తన ఉమ్మడి బీమా కింద చిన్న సంఘాలను చేర్చుకోవాలని అడగడం న్యాయం. బతుకమ్మను, గణపతిని చెరువుల్లో వదిలే విషయంలో పార్కుల విభాగంతో ముందుగానే మాట్లాడుకోండి. ఇక్కడి చిత్తడి నేలలను పక్షుల కోసం, వాననీటి శుద్ధి కోసం కాపాడతారు, నిమజ్జనానికి తొట్టి ఏర్పాటు వంటి పరిష్కారాలు ముందుగా అడిగినప్పుడు దొరుకుతాయి.

ఓటు గురించి మనవాళ్ళకు చాలామందికి తెలియని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. సమాఖ్య, రాష్ట్ర ఎన్నికలకు పౌరసత్వం తప్పనిసరి. విక్టోరియాలో కౌన్సిల్ ఎన్నికలకు మాత్రం, పౌరులు కాకపోయినా ఆ పరిధిలో సొంత ఇంట్లో ఉంటూ పన్ను కట్టే వయోజనులు ఓటరుగా నమోదుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఇది దానంతటది జరగదు, ప్రతి ఎన్నికకూ కొత్తగా దరఖాస్తు పెట్టాలి. 2024లో ఎన్నికల తేదీ అక్టోబరు 26 అయినా ఓటర్ల జాబితా ఆగస్టు 7నే మూసేశారు. తరువాతి ఎన్నికలు 2028 అక్టోబరులో. అభ్యర్థిగా నిలబడడానికి మాత్రం పౌరసత్వం కావాలి. ఇంకో మార్పు కూడా గమనించండి. 2024 నుంచి నగరంలోని చాలా కౌన్సిళ్ళు వార్డుకు ఒక్కరే సభ్యుడు ఉండే పద్ధతికి మారాయి. ఒకే కాలనీలో దట్టంగా ఉన్న సమూహాలకు ఇది కలిసివస్తుంది, నగరమంతా చెదరి ఉన్న చిన్న సమూహాలకు నష్టం చేస్తుంది. మన పరిస్థితి ఒక్కో శివారులో ఒక్కో విధంగా ఉంది. ఇంటి యజమానులకు ఉన్న ఈ ఓటు సౌలభ్యం అద్దె ఇళ్ళలో ఉన్న తాత్కాలిక నివాసులకు లేకపోవడం నాకు సమంజసంగా అనిపించదు. ఆ లోటు తీరే దాకా సలహా సంఘాల్లో వారికి స్థానం కేటాయించడమే కౌన్సిల్ చేయగలిగిన పని.

చివరగా మన గురించి మనం కొంచెం నిజాయితీగా మాట్లాడుకోవాలి. 2016 జనగణనలో ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు సుమారు 34 వేలు, 2021లో సుమారు 59 వేలు. ఈ వేగంతో పెరిగిన సమూహం తరఫున మాట్లాడతామని సంఘం అంటే, ఎవరెవరి మాట అందులో ఉందని కౌన్సిల్ అడగడం సబబే. కార్యవర్గంలో సాధారణంగా ఇల్లూ ఉద్యోగమూ కుదిరిన పురుషులే ఎక్కువ. రాత్రిళ్ళు టాక్సీ నడిపే విద్యార్థులు, వృద్ధాశ్రమాల్లో పనిచేసే ఆడపిల్లలు, ఆరు నెలల వీసాపై మనవణ్ణి చూసుకోవడానికి వచ్చి బస్సు ఎక్కడం తెలియక నాలుగు గోడల మధ్య ఉండిపోయే అమ్మలు, నాన్నలు ఆ సమావేశాలకు రారు. 2009లో మెల్బోర్న్‌లో భారతీయ విద్యార్థుల మీద దాడులు జరిగినప్పుడు, తీవ్రంగా గాయపడినవారిలో ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన కుర్రవాడు కూడా ఉన్నాడు. ఆ ఏడు మే నెలాఖరున వేలాది విద్యార్థులు వీధుల్లోకి వచ్చేదాకా, అద్దె గదుల్లో, రాత్రి రైళ్ళలో వారు పడుతున్న పాట్లు స్థానిక విధానాల్లో పెద్దగా కనబడలేదు. స్థిరపడిన సంఘాలకు కూడా అవి సరిగా తెలియవు. కులాన్ని బట్టి చీలిన సంఘాలు మనకున్నాయి, ఒక కులంవారి సంఘం తెలుగువారందరి పేరున గ్రాంటు పొందడం తప్పు. అందరికీ సభ్యత్వం తెరిచి ఉంటేనే నిధులు ఇవ్వాలన్న షరతు కౌన్సిల్ పెడితే మన సంఘాలే దాన్ని సమర్థించాలి.

కాబట్టి అభిప్రాయం రాసే ముందు, కార్యవర్గం బయటి నుంచి కనీసం ఒక విద్యార్థిని, ఒక కొత్త తల్లిని, సందర్శనకు వచ్చిన ఒక పెద్దాయనను లేదా పెద్దావిడను కూర్చోబెట్టి, గత ఏడాదిలో కౌన్సిల్ అవసరం ఎప్పుడు పడిందో, ఎక్కడ ఆగిపోయారో అడిగి రాసుకోండి. వారు చెప్పినవాటిని విభాగాలవారీగా విడదీసి, ప్రతిదానికీ పైన చెప్పిన చట్టంలోని ఆధారాన్ని జతచేసి, రెండు పేజీలకు మించకుండా పంపండి. గడువు తేదీకి ముందే పంపి, సమావేశంలో మాట్లాడే అవకాశం కూడా కోరండి. విధానం ఆమోదం పొందాక, జూన్ 30లోపు ఆమోదించే వార్షిక బడ్జెట్ ముసాయిదా బయటికి వచ్చినప్పుడు మళ్ళీ ఒకసారి కూర్చొని, మీరు అడిగిన అంశాలకు పద్దులు పడ్డాయో లేదో వెతకండి. పడకపోతే ప్రజల ప్రశ్నల సమయంలో ఆ విభాగం పేరు, ఆ హామీ ఉన్న పేజీ సంఖ్య చెప్పి రాతపూర్వకంగా జవాబు కోరండి. మీ ముసాయిదా తయారయ్యాక ఇక్కడ పెడితే చదివి నా సూచనలు చెబుతాను.